ఆండ్రాయిడా, ఐఫోనా: విశాఖలో కొనేముందు

బడ్జెట్ ఇరవై వేలలోపైతే ఆలోచన అక్కర్లేదు, కొత్త ఆండ్రాయిడే తీసుకోండి. ఆపైనైతే జగదాంబ జంక్షన్‌లో షాపు మెట్లెక్కే ముందే సిమ్‌ల సంగతి తేల్చుకోండి. ఆండ్రాయిడ్లలో చాలావాటికి రెండు మామూలు సిమ్‌లు పడతాయి. మన దగ్గర అమ్మే ఐఫోన్లలో ఎక్కువ వాటికి ఒకటే పడుతుంది, రెండోది ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్లోనే పనిచేసే సిమ్) చేయించుకోవాలి.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారేవాళ్లకి అసలు చిక్కు వాట్సాప్ చాట్‌లతో. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, అది ఐఫోన్‌లో తెరుచుకోదు. ఐఫోన్‌ని మొదటిసారి సెటప్ చేసేటప్పుడే పాత ఫోన్లో ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్ తెరిచి, ఐఫోన్ చూపించే కోడ్ కొట్టి, జాబితాలో వాట్సాప్‌ని ఎంచుకోవాలి. రెండు ఫోన్లూ ఛార్జింగ్‌లో ఉండాలి. సెటప్ అయ్యాక గుర్తొస్తే, ఈ పద్ధతిలో ఐఫోన్‌ని మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఫొటోలు, ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే ఉచిత క్లౌడ్ చోటు గూగుల్‌లో 15 జీబీ, ఐక్లౌడ్‌లో 5 జీబీ. ఏళ్ల తరబడి అప్‌డేట్లు కావాలంటే ఐఫోన్ ఒక్కటే దారి కాదు: ఆండ్రాయిడ్లలో పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24లకు ఏడేళ్ల హామీ ఉంది.

ఆర్కే బీచ్ అలల దగ్గర మాత్రం రెండూ ఒకటే. ఫోన్ నీళ్లని, దుమ్ముని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 రేటింగ్‌కి పరీక్ష మంచినీళ్లతోనే చేస్తారు. ఉప్పునీరు ఛార్జింగ్ పిన్నుల్ని తినేస్తుంది, తడిసిన ఫోన్‌కి మామూలు వారంటీ వర్తించదు. పూర్తిగా ఆరేదాకా ఛార్జర్ గుచ్చకండి.