పిల్లల సైట్‌కి మామూలు అద్దాలా, మయోపియా లెన్సులా: ఏది మేలు?

"పిల్లాడి నంబర్ చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ పెరుగుతోంది, ఆ కొత్త లెన్సులు వేయిస్తే ఆగుతుందా?" ఈ మధ్య నన్ను తల్లిదండ్రులు ఎక్కువగా అడుగుతున్నది ఇదే. పూర్తిగా ఆగుతుందని ఆశ పెట్టుకోకండి. పెరిగే వేగం తగ్గుతుంది. పెద్దయ్యాక రెటీనా (కంటి వెనుక ఉండే తెర) సమస్యల ముప్పు ఎక్కువ నంబర్ ఉన్నవాళ్లకే ఎక్కువ కాబట్టి, ఆ తగ్గడమే చాలా విలువైనది.

మామూలు మైనస్ అద్దాలతో బోర్డు బాగా కనిపిస్తుంది. కానీ నంబర్ పెరగడానికి అసలు కారణం కనుగుడ్డు పొడవు సాగడం, దాన్ని అవి తగ్గించవు. మయోపియా, అంటే దూరం మసకగా కనిపించే సైట్, పెరగకుండా చేసిన కళ్లద్దాలే ఈ మయోపియా లెన్సులు. వీటిలో నడిమి భాగం మామూలు అద్దమే. దాని చుట్టూ వందల కొద్దీ బుల్లి లెన్సులుంటాయి. వాటి గుండా వెళ్లే వెలుతురు రెటీనాకి ముందే కేంద్రీకృతమై, కన్ను సాగడం నెమ్మదిస్తుందని అంచనా.

వీటిలో బాగా తెలిసినవి హోయా మయోస్మార్ట్, ఎస్సిలార్ స్టెలెస్ట్. హాంకాంగ్‌లో 8–13 ఏళ్ల పిల్లలపై రెండేళ్లు చేసిన అధ్యయనంలో, మామూలు అద్దాలతో పోలిస్తే మయోస్మార్ట్‌తో నంబర్ పెరుగుదల 52 శాతం తగ్గింది. చైనాలో స్టెలెస్ట్‌పై చేసిన రెండేళ్ల అధ్యయనంలో 55 శాతం తగ్గింది. రోజూ 12 గంటలకు తక్కువ కాకుండా పెట్టుకున్న పిల్లల్లో మాత్రం 67 శాతం. అధ్యయనాలు వేరు, పిల్లలు వేరు కాబట్టి 52నీ 55నీ పక్కపక్కన పెట్టి ఏది గొప్పో తేల్చలేం. నేను చూసేది ఆ 67నే. లెన్స్ అదే, ఎక్కువసేపు పెట్టుకుంటే ఫలితం పెరిగింది.

అందుకే నా దృష్టిలో కంపెనీ కంటే ఫ్రేమ్ ముఖ్యం. హోంవర్క్ చేస్తూ తల వంచగానే జోడు ముక్కు చివరికి జారుతోందా, పిల్లాడు పైనుంచి చూస్తున్నాడా గమనించండి. జారితే లెన్స్ మధ్యభాగం కంటిపాప కిందికి దిగిపోతుంది, దూరం మసకబారుతుంది, చిరాకేసి తీసి పక్కన పెడతాడు. ఆర్డర్ ఇచ్చేముందు ఫ్రేమ్ ముఖానికి పెట్టి, నిటారుగా చూడమని చెప్పి, కంటిపాప ఎదురుగా అద్దం మీద పెన్నుతో గుర్తు పెట్టారా లేదా చూసుకోండి. అంచుల దగ్గర చూపు కొంచెం మసకగా ఉండటం మొదట్లో మామూలే.

నంబర్ తక్కువ వేయించడం వద్దు. దానివల్ల పెరుగుదల తగ్గదు, పైగా బోర్డు కనబడదు. ప్రోగ్రెసివ్ అద్దాల (పైన దూరానికి, కింద దగ్గరికి పవర్ ఉండేవి) వల్ల లాభం స్వల్పం. రాత్రిపూట కంట్లో పెట్టుకుని నిద్రపోయే ఆర్థో-కె కాంటాక్ట్ లెన్సులు పనిచేస్తాయి, కానీ శుభ్రత తప్పితే ఇన్ఫెక్షన్ భయం. నంబర్ పెరగడాన్ని నెమ్మదించే అట్రోపిన్ కంటి చుక్కలు డాక్టర్ సలహాతోనే వాడాలి, కావాలంటే లెన్సులతో కలిపీ ఇస్తారు.

ఎనిమిదేళ్లకే సైట్ వచ్చి, నంబర్ పెరుగుతున్న పిల్లలకి నేనైతే మయోపియా లెన్సులే వేయిస్తాను. మయోస్మార్ట్, స్టెలెస్ట్ రెండింటిలో ఏదైనా సరే, పగిలితే త్వరగా మళ్లీ దొరికేది తీసుకోండి. కాలేజీ వయసు వచ్చి, నంబర్ నిలకడగా ఉన్నవాళ్లకి మామూలు అద్దాలు చాలు. లెన్సులు వేయించాక ఆరు నెలలకోసారి చెకప్‌లో నంబర్‌తో పాటు కనుగుడ్డు పొడవు కూడా కొలిపించి రాసిపెట్టుకోండి.