గోల్‌పోస్టు ముందు తొమ్మిదేళ్లు: ఐస్ హాకీ గోల్‌కీపర్ సామాను మీద నా సమీక్ష

ఐస్ హాకీలో గోల్‌కీపర్‌గా నిలబడటం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. వారానికి రెండు రాత్రులు, ఉద్యోగం పని ముగిశాక, నాలాగే సరదాకు ఆడేవాళ్లతో ఆట. ఈ తొమ్మిదేళ్లలో రెండు జతల లెగ్ ప్యాడ్లు, మూడు గ్లోవ్‌లు, రెండు మాస్కులు, రెండు చెస్ట్ ప్రొటెక్టర్లు వాడాను. ఏ వస్తువు మంచిదో తేల్చుకోవడానికి చివరికి నాకు ఒక్క ప్రశ్నే మిగిలింది. అది ఒంటి మీద ఉండగా పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే బిళ్ల) దూసుకొస్తుంటే నా కళ్లు తెరిచి ఉంటున్నాయా, మూసుకుంటున్నాయా?

ఆ ప్రశ్న నాకు దెబ్బ తిన్నాకే తట్టింది. మొదటిసారి సామాను కొన్నప్పుడు నా చూపంతా లెగ్ ప్యాడ్ల మీదే ఉంది. కంటికి పెద్దగా కనిపించేవి అవే, రంగులన్నీ వాటి మీదే. చేతిలో ఉన్న డబ్బులో సగానికి పైగా వాటికే పెట్టాను. ఛాతీని, భుజాలను కాపాడే చెస్ట్ ప్రొటెక్టర్ మాత్రం నాకంటే పొట్టి మనిషి ఒకరు వాడి పక్కన పెట్టినది తీసుకున్నాను. రెండో ఏడాది ఒక రాత్రి, నడుము ఎత్తున బయల్దేరిన షాట్ మధ్యలో ఎవరి స్టిక్కుకో తగిలి పైకి లేచింది. భుజం మీది చిప్పకూ గొంతు కింది పలకకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంది. పక్ సరిగ్గా అక్కడ, మెడ ఎముక మీద పడింది.

పక్ అంటే మూడు అంగుళాల అడ్డుకొలత, ఒక అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల. బరువు 156 నుంచి 170 గ్రాములు. ఎముక విరగలేదు. నీలంగా కమిలిన చోటు రెండు వారాల్లో పసుపు తిరిగి మానిపోయింది. బెదురు మాత్రం మానలేదు. ఆ తర్వాత భుజం ఎత్తున ఏది వచ్చినా నా ప్రమేయం లేకుండానే తల పక్కకు తిరిగేది, రెప్పలు పడిపోయేవి. ఆరు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు ఉన్న గోల్‌ను కళ్లు మూసుకుని ఎవరు కాపాడగలరు? సరిపడే చెస్ట్ ప్రొటెక్టర్ కొన్నాక కూడా ఆ అలవాటు వదలడానికి దాదాపు ఏడాది పట్టింది.

అందుకే కొత్తగా వచ్చేవారు ఎవరైనా అడిగితే డబ్బు ముందు మాస్కుకు, గొంతుకు, ఛాతీకి, పొత్తికడుపు కింది కవచానికి పెట్టమంటాను. తర్వాత స్కేట్లు. లెగ్ ప్యాడ్లు ఎవరైనా వాడినవైనా ఫరవాలేదు, పట్టీలూ మోకాలి దిమ్మెలూ బాగుంటే ఇంకా కొన్నేళ్లు వస్తాయి. వాడిన మాస్కు మాత్రం వద్దు. చిప్పలో సన్నని పగులు ఉంటే రంగు కింద కనిపించదు.

మాస్కు సంగతి వస్తే నాకు జాక్ ప్లాంట్ గుర్తుకు వస్తాడు. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో ఆడుతుండగా ఆండీ బాత్‌గేట్ కొట్టిన షాట్ మాంట్రియల్ గోల్‌కీపర్ ప్లాంట్ ముఖాన్ని చీల్చింది. కుట్లు వేయించుకుని, మాస్కు పెట్టుకునే తిరిగి వచ్చాడు. ఆయన కోచ్ టో బ్లేక్‌కు మాస్కు నచ్చేది కాదు. అది చూపుకు అడ్డమని ఆ రోజుల్లో అనేవారు. నా అనుభవం దానికి పూర్తిగా తిరగబడి ఉంది. ముఖానికి ఏమీ కాదన్న ధీమా ఉన్నప్పుడే కన్ను పక్‌ను చివరిదాకా వెంబడిస్తుంది.

మాస్కుకు ముందుండే కడ్డీల చట్రాన్ని కేజ్ అంటారు, అందులో రెండు రకాలు చూశాను. పిల్లి కన్ను అనే రకంలో కళ్ల దగ్గర ఖాళీ పెద్దది, చూపు విశాలం. కానీ వాటిలో కొన్నింటి ఖాళీ ఎంత పెద్దదంటే స్టిక్కు కొస లోపలికి రాగలదు. భద్రతా ముద్ర ఉన్నవాటిలో ఆ ఖాళీ చిన్నదిగా ఉంటుంది. నేను నిలువు, అడ్డం కడ్డీలు దగ్గరగా ఉన్నదే ఎంచుకున్నాను. మొదటి రెండు వారాలు కడ్డీలు కళ్లకు అడ్డం వచ్చాయి, తర్వాత అవి ఉన్నాయన్న సంగతే మరిచిపోయాను.

గొంతుకు నేను రెండూ వాడతాను. మాస్కు గడ్డం నుంచి వేలాడే పారదర్శకమైన పలక పక్ దెబ్బను ఆపుతుంది, కానీ స్కేటు బ్లేడును ఆపుతుందన్న నమ్మకం లేదు. 1989లో బఫెలో గోల్‌కీపర్ క్లింట్ మలార్‌చుక్ గొంతును తెగ్గోసింది పక్ కాదు, స్కేటు. అందుకని పలక కింద కోతను తట్టుకునే బట్టతో చేసిన మెడపట్టీ కూడా ఉండాలి. ఉక్కగా ఉంటుంది, నిజమే. సరదా ఆటలో కూడా గోల్ ముందు జనం ఒకరి మీద ఒకరు పడతారు, అందరి కాళ్లకూ కత్తులే ఉంటాయి.

చెస్ట్ ప్రొటెక్టర్‌ను అద్దం ముందు నిలబడి చూసి కొనకూడదు. దుకాణంలోనే ప్యాంటు తొడుక్కుని, మాస్కు పెట్టుకుని, మోకాళ్ల మీదికి దిగి చూడాలి. దిగగానే పొట్ట మీది భాగం ప్యాంటు అంచుకు తగిలి పైకి తోసుకొస్తుంది. దాంతో గొంతు దగ్గరి అంచు మాస్కు గడ్డాన్ని ఎత్తేస్తే, కాళ్ల దగ్గరున్న పక్ మీకు కనిపించదు. నా రెండో దాని విషయంలో అదే జరగబోయింది. పొడవు ఒక సైజు తగ్గించి, భుజాల దగ్గర మాత్రం సందు రాకుండా పట్టీలు సర్దుకున్నాను. రెండు చేతులూ ముందుకు చాచి, తర్వాత ఛాతీ మీద ఒకదాని మీద ఒకటి వేసి, మెడ ఎముక దగ్గర ఎవరినైనా వేలు పెట్టి చూడమనండి. వేలు ఎముకకు తగిలితే పక్ కూడా తగులుతుంది.

ఇక లెగ్ ప్యాడ్లు. నా మొదటి జత పొడవు ఎక్కువ. పొడుగ్గా ఉంటే ఎక్కువ గోల్‌ను కప్పుతాయని అనుకున్నాను. వీటి కొలతలో ముఖ్యమైనది మనిషి ఎత్తు కాదు, చీలమండ నుంచి మోకాలి వరకు ఉన్న పొడవు. స్కేటు వేసుకుని ప్యాడు తగిలించుకుంటే మోకాలి చిప్ప ప్యాడు మోకాలి భాగం నడుమకు రావాలి. నా మొదటి జతలో అది రెండు అంగుళాలు కిందికి ఉండేది. బటర్‌ఫ్లై కోసం రెండు మోకాళ్లూ దించి కాళ్లను చెరో వైపు విప్పినప్పుడు, మోకాలు పడాల్సిన దిమ్మె మీద పడకుండా దాని అంచు మీద పడి జారేది. ఆటలో చివరి భాగమైన మూడో పీరియడ్ వచ్చేసరికి మోకాళ్ల లోపలివైపు నొప్పి. ఇప్పటి జత మీద 34+1 అని రాసి ఉంది. మొదటి అంకె పొడవు, రెండోది తొడ మీదికి అదనంగా వచ్చే భాగం, రెండూ అంగుళాల్లో. తొడ భాగం ఇంతకంటే పెంచితే దిగినప్పుడు కాళ్ల మధ్య సందు మూసుకుంటుంది కానీ, పరుగులో ప్యాడ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. నాకు ఒక అంగుళం చాలు.

బిగించి కట్టుకోవడం నేను చేసిన ఇంకో తప్పు. ప్యాడు కాలి మీద కొంచెం తిరగాలి. కాలు దించగానే దాని ముఖం ఎదురుగా ఉన్న ఆటగాడి వైపు తిరిగి నిలబడాలి. బొటనవేలి దగ్గర తాడు గట్టిగా కడితే ప్యాడు తిరగదు, ఆ మెలిక అంతా తుంటి మీద, మోకాలి మీద పడుతుంది. తాడు తీసేసి సాగే బంధం వేసుకున్న రోజు రాత్రి ఇంటికి వెళ్లి మెట్లు ఎక్కుతుంటే మోకాలు పట్టుకోలేదు. అంత చిన్న మార్పుకు అంత ఫలితం ఉంటుందని ముందే తెలిస్తే మూడేళ్లు ఊరికే బాధపడేవాణ్ని కాదు.

స్కేట్లకు మామూలు ఆటగాళ్లవి పనికిరావు. గోల్‌కీపర్ బ్లేడు చదునుగా ఉంటుంది, మంచు మీద ఎక్కువ భాగం ఆనుతుంది, పక్కకు జరిగినప్పుడు నిలకడ ఇస్తుంది. పదును గురించి ఒక మాట. బ్లేడు అడుగున గాడి ఉంటుంది. గాడి లోతు తక్కువైతే జారుడు ఎక్కువ, లోతైతే పట్టు ఎక్కువ. గోల్‌కీపర్ పక్కకు జారాలి కదా అని నాకు మొదట ముప్పావు అంగుళం పెట్టించారు. ఈ కొలత గాడి లోతు కాదు, దాని వంపు వ్యాసార్థం, కాబట్టి అంకె పెద్దదైతే గాడి లోతు తగ్గుతుంది. మోకాలి మీద నుంచి లేచి నెట్టుకోబోతే కాలు జారిపోయేది. అర అంగుళానికి మార్చాను, అక్కడే స్థిరపడ్డాను.

గ్లోవ్ విషయంలో తొందర పనికిరాదు. కొత్తది చెక్కలా ఉంటుంది. మొదటిది నా చిన్న చేతికి పూర్తిగా మూసుకునేది కాదు, దాని జేబులాంటి సంచిలో పడ్డ పక్ కూడా తిరిగి బయటికి ఎగిరేది. గ్లోవ్‌లన్నీ ఒకే చోట మడవవు. కొన్ని బొటనవేలి దగ్గర మడుస్తాయి, కొన్ని అరచేయి మొత్తంతో మూసుకుంటాయి. నాకు రెండోది సరిపడదు. దుకాణంలో పదిసార్లు మూసి తెరిచి చూడండి, మణికట్టు అలసిపోతే అది మీది కాదు. మూడోది తెచ్చాక నెల రోజులు ప్రతి సాయంత్రం మా అమ్మాయి టెన్నిస్ బంతి విసిరేది, నేను పట్టేవాణ్ని. రాత్రి సంచిలో బంతి పెట్టి తాడుతో కట్టి ఉంచేవాణ్ని. ఒక రోజు బంతి పడిన చప్పుడు మారింది. అప్పటివరకు టక్కుమనేది, ఆ రోజు మెత్తగా గుప్పుమంది. ఆ వారమే మంచు మీదికి తీసుకెళ్లాను. నాలుగేళ్లయ్యాక ఇప్పుడు అరచేతి దగ్గర మెత్త నలిగిపోయింది, గట్టి షాట్లు చురుక్కుమంటున్నాయి. పట్టేముందు చేయి కొంచెం వెనక్కి తీస్తున్నానని గమనించాను. అంటే దీని పని అయిపోయినట్లే.

స్టిక్కుకు ఎక్కువ చెప్పాల్సింది లేదు. మోకాళ్లు వంచి నిలబడినప్పుడు బ్లేడు మొత్తం మంచుకు ఆనాలి, చేత్తో పట్టుకునే చోటుకు కింద ఉన్న వెడల్పాటి భాగం పొడవు ఎక్కువైతే భుజం పైకి లేస్తుంది, బ్లేడు కింద సందు వస్తుంది. తేలికైన కాంపోజిట్ కంటే నురగ నింపిన చెక్క స్టిక్కే నాకు ఇష్టం, దెబ్బ చేతికి తక్కువగా అందుతుంది.

ఆట అయ్యాక ఎంత అలసట ఉన్నా సామాను బ్యాగులో ఉంచి పడుకోను. అన్నీ విప్పి, ఆరేసి, ఫ్యాను పెడతాను. హీటరు ముందు పెట్టకూడదు, వేడికి జిగురు వదులుతుంది, తోలు బీటలు వారుతుంది. ఇంత చేసినా నేను వదిలేసిన ఒక మూల ఉంది. ఆరో ఏడాది ఒక ఆట మధ్యలో షాట్ మాస్కుకు తగిలి కేజ్ గలగలమంది. తీసి చూస్తే గడ్డం దగ్గరి స్క్రూ లేదు, పక్కదాని తల చెమట తుప్పుకు సగం తినేసి ఉంది. మిగిలిన ఆట నేను ఆడలేదు. ఆ మాస్కును మార్చేశాను. ఇప్పుడు బ్యాగు పక్క అరలో చిన్న స్క్రూడ్రైవరు, నాలుగు కొత్త స్క్రూలు ఉంటాయి. రింకుకు బయల్దేరే ముందు కేజ్ పట్టుకుని ఒకసారి ఊపి చూస్తాను. కదలకపోతేనే బ్యాగు జిప్పు వేస్తాను.