‘జంట’ అని అమ్మిన రెండు ప్రింట్లు: అమృత పక్కన ఫ్రీడా

మా హాల్లో సోఫా వెనక గోడ రెండేళ్ళుగా బోసిగా ఉంది, అమ్మేమో వెంకటేశ్వరస్వామి పటం పెట్టమంటుంది, నాకేమో అక్కడ ఒక మంచి పెయింటింగ్ ఉండాలని కోరిక, ఒరిజినల్ కొనే స్తోమత ఎలాగూ లేదు కాబట్టి పోయిన నెల ఆన్‌లైన్‌లో ప్రింట్ల సెట్ ఒకటి ఆర్డర్ పెట్టా. సైట్ పేరు చెప్పను, గొడవ ఇంకా నడుస్తోంది. సెట్ పేరు ‘జంట చిత్రకారిణులు’. ఒకటి మన అమృతా షేర్‌గిల్ ‘ముగ్గురు అమ్మాయిలు’, ఇంకోటి మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో ‘ఇద్దరు ఫ్రీడాలు’. రెండూ 24 అంగుళాల వెడల్పు, 18 ఎత్తు, మందపాటి మ్యాట్ పేపర్, జత 2,400 రూపాయలు, ఫ్రేమ్ మనమే చూసుకోవాలి.

ముందు ప్యాకింగ్ గురించి చెప్పేస్తా. అట్ట గొట్టంలో చుట్టి పంపారు, అంచులు నలగలేదు, మధ్యలో పల్చటి కాగితం కూడా పెట్టారు. నాలుగు రోజుల్లో వచ్చింది. ఇంతవరకు ఫుల్ మార్కులు.

గొట్టంలోంచి తీసి టేబుల్ మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు స్టీలు గ్లాసులు పెట్టి చూస్తే ఫ్రీడా బొమ్మ ఏదో తేడాగా అనిపించింది. ఏంటా అని ఫోన్‌లో ఒరిజినల్ తీసి పక్కన పెట్టుకుంటే అప్పుడు అర్థమైంది, ఆ పెయింటింగ్ అసలు చతురస్రం కదా! 1939లో వేసింది, అటు 173 సెంటీమీటర్లు, ఇటు 173, ఫ్రీడా వేసినవాటిలో బాగా పెద్దవాటిలో అదొకటి. ఎక్కువగా చిన్న చిన్నవే వేసేది, పుస్తకమంత రేకు ముక్క మీద వేసినవి కూడా ఉన్నాయి. ఇది మాత్రం నిలువెత్తు. అలాంటిదాన్ని అమృత బొమ్మతో సైజు కలవాలని పైన కాస్త, కింద కాస్త కోసేశారు. పైన పోయింది మబ్బుల ఆకాశం, సరే అనుకుందాం. కింద పోయింది మాత్రం తెల్ల గౌను అంచు. ఆ బొమ్మలో ఎడమ పక్క ఫ్రీడా తెల్లటి యూరప్ గౌనులో ఉంటుంది, కుడి పక్క ఫ్రీడా మెక్సికోలో తెవానా ఆడవాళ్ళు కట్టుకునే బట్టల్లో ఉంటుంది, ఇద్దరి గుండెలూ బయటికే కనిపిస్తాయి, ఒకే రక్తనాళం ఇద్దర్నీ కలుపుతుంది, తెల్ల గౌను ఫ్రీడా ఆ నాళాన్ని సర్జరీ కత్తెరతో నొక్కి పట్టుకున్నా రక్తం ఆగకుండా ఒళ్ళో కారుతుంటుంది, ఆ చుక్కలూ గౌను అంచు మీద కుట్టిన ఎర్ర పువ్వులూ చూస్తూ చూస్తూ ఉంటే ఏది రక్తమో ఏది పువ్వో తెలీదు. మొగుడు డియెగో రివేరాతో (ఆయనా చిత్రకారుడే) విడాకుల టైంలో వేసిన బొమ్మ అది, ఆమె అంత బాధలోనూ అంత కొంటెగా వేసిన చోటునే వీళ్ళు కోసి పడేశారు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ‘మేడం అది ఆర్టిస్టిక్ క్రాప్, జంట కదా, ఈక్వల్‌గా ఉండాలి’ అన్నాడు అబ్బాయి. పాపం అతన్ని అని ఏం లాభం.

నిజానికి ఆ సెట్ మొత్తం ఆ ఈక్వల్ పిచ్చి మీదే నడుస్తోంది. లోపల ఒక నున్నటి కాగితం పెట్టారు, ఇద్దరి జీవితాల గురించి. ‘భారతదేశపు ఫ్రీడా కాలో’ అని మొదలవుతుంది. ఈ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకో చెప్తా. 1933లో పారిస్‌లో గ్రాండ్ సలోన్ అనే పెద్ద ఆర్ట్ ఎగ్జిబిషన్ వాళ్ళు అమృతని అసోసియేట్‌గా, అంటే సభ్యురాలిగా, తీసుకునేటప్పటికి ఆమెకి ఇరవై ఏళ్ళు, అంతకుముందు ఏడాది వేసిన ‘యంగ్ గర్ల్స్’ అనే బొమ్మకి గోల్డ్ మెడల్ ఇచ్చారు. అదే టైంలో ఫ్రీడా అమెరికాలో, మొగుడు డియెగో గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలేస్తుంటే, చాలామందికి రివేరా గారి భార్యగానే తెలుసు. ఆ లెక్కన చూస్తే ఎవరు ఎవరి దేశపు ఎవరు? అయినా వయసు ప్రకారం ఫ్రీడానే పెద్ద, 1907 జూలైలో పుట్టింది, అమృత 1913 జనవరిలో. కాగితంలో ఫ్రీడా పుట్టింది 1910 అని వేశారు, తప్పు పూర్తిగా వీళ్ళది కూడా కాదులెండి, మెక్సికో విప్లవం మొదలైన సంవత్సరంతో కలవాలని ఫ్రీడానే అలా చెప్పుకునేది. మన పెద్దవాళ్ళు స్కూల్లో వేయించిన పుట్టినరోజుల్లాగా, కాకపోతే ఇది గొప్ప కోసం.

ఇంకో ఘోరం ఏంటంటే ‘పారిస్‌లో కలుసుకున్న ఇద్దరు స్నేహితురాళ్ళు’ అని రాశారు. అస్సలు కాదు. అమృత 1929లో పారిస్ వెళ్ళి, ఎకోల్ దె బోజార్ అనే ఆర్ట్ కాలేజీలో చదువుకుని 1934 చివర్లో ఇండియా వచ్చేసింది. ఫ్రీడా పారిస్ వెళ్ళింది 1939లో, అక్కడి సర్రియలిస్టుల (కలల్లాంటి వింత బొమ్మలు వేసే గుంపు) కబుర్లకి విసుగెత్తి వెనక్కొచ్చింది, ఆ ట్రిప్‌లోనే ఆమె బొమ్మ ఒకటి ఫ్రాన్స్ ప్రభుత్వం కొన్నది. ఒకరు వచ్చేసిన నాలుగేళ్ళకి ఇంకొకరు వెళ్ళారు. ఒకరి బొమ్మ ఒకరు చూశారనడానికీ ఆధారం లేదు.

అయితే పోలికలు లేవని కాదు, ఉన్నాయి, అవి ఆ కాగితంలో లేవు అంతే. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇద్దరి నాన్నలూ ఫొటోగ్రాఫర్లు కావడం. ఫ్రీడా వాళ్ళ నాన్న గిల్యెర్మో కాలో జర్మనీ నుంచి వచ్చి మెక్సికోలో స్థిరపడ్డ ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫర్. అమృత వాళ్ళ నాన్న ఉమ్రావ్ సింగ్ సంస్కృతం, పర్షియన్ చదువుకున్న సిక్కు జమీందారు, ఫొటోలు ఆయనకి పిచ్చి, తననీ ఇంట్లో వాళ్ళనీ ఏళ్ళ తరబడి తీస్తూనే ఉన్నాడు. చిన్నప్పట్నుంచీ కెమెరా ముందు కూర్చుని పెరిగిన పిల్లలు ఇద్దరూ, ఎటు తిరిగితే ముఖం ఎలా కనిపిస్తుందో, ఏ బట్టలో తను ఎవరిలా ఉంటుందో వాళ్ళకి బ్రష్ పట్టకముందే తెలుసు అని నా అనుమానం. ఇద్దరూ సెల్ఫ్ పోర్ట్రెయిట్లు వేసుకున్నారు, ఇద్దరూ బట్టని జెండాలాగా వాడుకున్నారు, ఫ్రీడా తెవానా లంగాలు, అమృత ఇండియా వచ్చాక చీరలు.

తమాషా ఏంటంటే అమృత వాళ్ళమ్మ నిజంగానే హంగేరీ మనిషి, అమృత పుట్టింది బుడాపెస్ట్‌లో. ఫ్రీడా కూడా తన తండ్రి వైపు వాళ్ళు హంగేరీ నుంచి వచ్చిన యూదులని చెప్పుకునేది, తర్వాత రికార్డులు వెతికితే వాళ్ళు జర్మన్ లూథరన్ క్రైస్తవులని తేలింది. ఒకావిడకి పుట్టుకతో ఉన్న ఊరిని ఇంకొకావిడ ఊహించి తెచ్చుకుంది. ఇలాంటిది వదిలేసి ఆ కాగితంలో ‘ఇద్దరూ అందగత్తెలు’ అని ఒక పేరా!

ఇక పటం కట్టించే కథ. దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందు చివర దేవుడి పటాలు కట్టే చిన్న షాపు ఉంది, అక్కడికే తీసుకెళ్ళా. సన్నటి నల్ల చెక్క ఫ్రేము, తెల్ల మౌంట్, అద్దం, రెండిటికీ 3,200. ఆయన ఫ్రీడాని చూసి, ‘ఏందక్కా ఈమె కనుబొమ్మలు కలిసిపోయినయ్, ప్రింట్ తప్పా?’ అన్నాడు. లేదన్నా అలాగే వేసుకుంది అంటే కాసేపు చూసి, ‘మనల్నే చూస్తుందక్కా’ అన్నాడు. తర్వాత అమృత బొమ్మ తీశాడు. ముగ్గురు అమ్మాయిలు దగ్గర దగ్గరగా కూర్చుని ఉంటారు, ఒకరినొకరు చూసుకోరు, మనల్నీ చూడరు, కళ్ళు కిందికి. ఆయన అది చూసి ఏమన్నాడో తెలుసా, ‘పెళ్ళిచూపులా అక్కా?’

నేను అక్కడే నిలబడిపోయా. ఆ బొమ్మ 1935ది, అమృత పారిస్ నుంచి తిరిగొచ్చిన కొత్తలో అమృత్‌సర్‌లో చుట్టాల అమ్మాయిల్ని కూర్చోబెట్టి వేసింది, తమ చేతిలో లేని భవిష్యత్తు కోసం ఎదురుచూస్తున్న ఆడపిల్లలు అని దాని గురించి పెద్ద పెద్ద వాళ్ళు పేజీలకి పేజీలు రాశారు, పటాల అన్న మూడు ముక్కల్లో తేల్చేశాడు.

ఇద్దరి మధ్య అసలు తేడా కూడా ఆయన నోటే వచ్చింది అనిపించింది. ఫ్రీడా మనల్నే చూస్తుంది. పద్దెనిమిదో ఏట, 1925లో, బస్సు యాక్సిడెంట్‌లో వెన్నెముక, కటి ఎముక, కాలు విరిగి మంచాన పడితే పైన అద్దం పెట్టించుకుని తనని తనే చూసుకుంటూ వెయ్యడం మొదలుపెట్టిన మనిషి, జీవితాంతం ఆ అద్దం వదల్లేదు. అమృతకి ఆ అవసరం పారిస్ వరకే. అక్కడ తనని తను బాగా వేసుకుంది, ఫ్రెంచ్ చిత్రకారుడు గోగాన్ వేసిన తహితీ దీవి ఆడవాళ్ళలాగా కూడా 1934లో వేసుకుంది, ఇండియా వచ్చాక మాత్రం చూపు అవతలి వాళ్ళ మీదికి మళ్ళింది. కొండ ఊళ్ళ మనుషులు, అజంతా చూశాక 1937లో దక్షిణాది బొమ్మలు, పెళ్ళికూతురి అలంకరణ, బ్రహ్మచారులు, సంతకి వెళ్ళే పల్లెటూరి వాళ్ళు. కాకపోతే ఆవిడ జమీందారు బిడ్డ, ఆ పేదవాళ్ళు ఆవిడ ముందు కూర్చుని లేచి వెళ్ళిపోయిన మనుషులు, ఆ దూరం బొమ్మల్లో తెలుస్తుంది నాకు. ఫ్రీడా నొప్పి ఫ్రీడాదే. ఏది గొప్ప అని అడిగితే నా ఓటు అమృతకే, అది మనవాళ్ళు అన్న పక్షపాతం కూడా కావొచ్చు.

మన ఊరితో ఒక లింకు కూడా ఉంది, అది కాస్త సిగ్గుపడే లింకు. అమృత బొమ్మలు హైదరాబాద్ దాకా వచ్చాయి, నవాబ్ సాలార్‌జంగ్ దగ్గరికి. దేశదేశాల గడియారాలు, పింగాణీలు, శిల్పాలు ఏది కనపడితే అది కొన్న మహానుభావుడు, ఈవిడ బొమ్మలు మాత్రం తిప్పి పంపేశాడు. మైసూరు మహారాజు కూడా రవివర్మే ముద్దు అన్నాడు. అదే అమృత ‘స్టోరీ టెల్లర్’ 2023లో వేలంలో 61.8 కోట్లు పలికింది. ఫ్రీడా ‘డియెగో అండ్ ఐ’ 2021లోనే 3.49 కోట్ల డాలర్లు. ఇద్దరి బొమ్మలూ తమ తమ దేశాలు దాటి అమ్మకానికి పోకుండా రెండు ప్రభుత్వాలూ చట్టం పెట్టాయి, మనం 1970ల్లో, మెక్సికో 1984లో, బతికుండగా కొనేవాళ్ళు తక్కువే.

చావులో కూడా ఒక పోలిక ఉంది, అది రాస్తుంటే చెయ్యి ఆగుతుంది. 1953లో ఫ్రీడాకి సొంత దేశంలో మొదటి సోలో ఎగ్జిబిషన్, డాక్టర్లు కదలొద్దంటే మంచంతో సహా వెళ్ళి పడుకుని జనాన్ని పలకరించింది, ఆ మరుసటి ఏడాది 47 ఏళ్ళకి పోయింది. అమృత 1941లో లాహోర్‌లో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టుకుని, ఇంకా కొద్ది రోజులుందనగా జబ్బుపడి డిసెంబర్ 5న పోయింది. 28 ఏళ్ళు. మా చెల్లి వయసు.

సరే ప్రింట్ క్వాలిటీకి వస్తే, అమృత బొమ్మ రంగులు కొంచెం పెంచేశారు. నేను ఒరిజినల్ ఢిల్లీలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో చూశా, జైపూర్ హౌస్‌లో, అందులో ఎరుపు మట్టి కలిసిన ఎరుపు, అరవదు. ఇందులో కొత్త సిల్కు చీరలాగా మెరుస్తోంది. దూరం నుంచి చూస్తే పర్లేదు, సాయంత్రం లైట్లో బాగానే ఉంది. ఫ్రీడా రంగులు మాత్రం చక్కగా వచ్చాయి, కోసేసినా.

గోడకి పెట్టాక అమ్మ చూసి, ‘ఏంటే ఇది, రక్తం కారేదాన్ని హాల్లో పెడతావా, వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు’ అంది, ముగ్గురమ్మాయిల్ని మాత్రం ఏమీ అనలేదు, పైగా మధ్యాహ్నం సీరియల్ బ్రేకుల్లో వాళ్ళనే చూస్తోంది. పక్కపక్కన పెడితే ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది, ఫ్రీడాలిద్దరూ సూటిగా చూస్తుంటే పక్కన ఆ అమ్మాయిలు ఇంకా తలలు దించేసుకున్నట్టు కనిపిస్తున్నారు. అందుకని ఫ్రీడాని తీసి నా రూమ్‌లో బీరువా ఎదురుగా పెట్టా. హాల్లో వాళ్ళు ముగ్గురే ఉన్నారు ఇప్పుడు.

కొనాలా వద్దా అంటే, అమృత ప్రింట్ విడిగా 1,300కి అదే సైట్లో ఉంది, అది కొనుక్కోండి. ఫ్రీడా మాత్రం ఇంకెక్కడైనా చతురస్రంగా ఉన్నది చూసి తీసుకోండి, కింద గౌను అంచు పూర్తిగా ఉందో లేదో ఫొటోలో జూమ్ చేసి చూసుకోండి. 5కి 3 స్టార్లు ఇస్తున్నా, అందులో ఒకటి ప్యాకింగ్‌కి. నాలుగుసార్లు మెయిల్ పెట్టాక 24 ఇంటూ 24లో కొత్త ప్రింట్ పంపుతామన్నారు, వస్తే మళ్ళీ పటాల అన్న దగ్గరికి వెళ్ళాలి, పాత ఫ్రేము కొలత ఎలాగూ సరిపోదు.