అక్క లాప్‌టాప్‌కు ఉబుంటు, మింట్, డెబియన్: ఏది మేలు?

దీపావళికి హనుమకొండ నయీంనగర్‌లో అక్క వాళ్లింటికి పోతే, చాయ్ తాగకముందే లాప్‌టాప్ తెచ్చి నా ముందర పెట్టింది. "తమ్మీ, గిది ఇగ పనికి రాదంటున్నరు. కొత్తది కొనుమంటున్నరు. నువ్వేమంటవ్?"

మూత తీసి చూశాను. అయిదో తరం ఐ3 ప్రాసెసర్, 4 గిగాల ర్యామ్, తిరిగే పాత హార్డ్‌డిస్క్. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 దీనికి ఎక్కదు. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఎనిమిదో తరం నుంచే అది ఒప్పుకుంటుంది, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలంటుంది. కానీ స్క్రీన్ మీద గీత లేదు, కీబోర్డులో ఒక్క మీట ఊడలేదు. అక్క సర్కారు బడిలో తెలుగు టీచర్. ప్రశ్నపత్రాలు టైపు చేసుకుంటుంది. మేనకోడలు ఎప్‌సెట్ పాఠాలు వింటుంది. ఇంత పనికి వేలు పోసి కొత్తది కొనడం నాకు మనసొప్పలేదు. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కిద్దామన్నాను.

ఏ లైనక్స్ అన్నదే అసలు ప్రశ్న. అదే మిషన్ మీద ఉబుంటు, డెబియన్, మింట్ అనే మూడు రకాల లైనక్స్‌లనూ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి, కొన్ని రోజులు అక్కతోనే వాడించి చూశాను. నా తీర్పు ముందే చెప్తాను: అక్క ఇంటికి మింట్, అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన తెర అమరిక ఉన్న రకం. కాజీపేటలో నా సొంత మిషన్‌కు డెబియన్. ఉబుంటు మంచిదే, కానీ ఈ మిషన్‌కు బరువు.

ఈ మూడూ ఒకే ఇంటివి. ఇయాన్ మర్డాక్ 1993లో డెబియన్ మొదలుపెట్టాడు. దాని మీద 2004లో ఉబుంటు వచ్చింది, ఉబుంటు మీద 2006లో మింట్ వచ్చింది. తాత, కొడుకు, మనవడు అనుకోండి. ప్రోగ్రాములు దించుకునేది మూడింట్లోనూ ఎక్కువగా 'ఆప్ట్' అనే పనిముట్టుతోనే. ఒకదానికి పనిచేసిన చిట్కా చాలాసార్లు రెండోదానికీ పనిచేస్తుంది. కాబట్టి దేనికి శక్తి ఎక్కువ అని అడగడంలో అర్థం లేదు. మన కోసం ఎంత సిద్ధం చేసి పెట్టింది, మనకు ఎంత పని మిగిల్చింది అన్నదే తేడా. మింట్ వడ్డించిన విస్తరి. డెబియన్ మంచి సరుకులు తెచ్చిచ్చి వంట మనల్నే చేసుకోమంటుంది.

ఇంకో మాట. ఏది ఎక్కించినా ముందు ఆ పాత హార్డ్‌డిస్క్ తీసి, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయించండి. అక్క లాప్‌టాప్‌కు నేను 240 గిగాలది వేయించాను. సిస్టమ్ మార్చినందుకు వచ్చిన వేగం కన్నా డిస్క్ మార్చినందుకు వచ్చిన వేగమే ఎక్కువ. ఇది చేయకుండా మూడింటినీ పోల్చి లాభం లేదు.

ఇక దించుకోవడం దగ్గరే తేడా మొదలవుతుంది. రోజుకు 1.5 గిగాల ఫోన్ ప్యాక్ మీద బతికే ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఉబుంటు 24.04 ఫైలు ఆరు గిగాలకు దగ్గర, అంటే నాలుగు రోజుల డేటా. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ మూడు గిగాల లోపే. డెబియన్ నెట్‌ఇన్‌స్టాల్ ఫైలు ఒక గిగా కూడా ఉండదు కానీ, మిగతా సరుకంతా ఎక్కించేటప్పుడు నెట్ నుంచే లాక్కుంటుంది. వైఫై దొరకలేదంటే పని సగంలో ఆగుతుంది. అప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. వైరు నెట్ వచ్చినట్టే అనుకుని పని సాగిస్తుంది. వైఫై డ్రైవర్ విడిగా దించుకోవాల్సిన పాత చిప్‌లున్న లాప్‌టాప్‌లను నేను రెండుసార్లు ఇట్లనే గట్టెక్కించాను.

ఉబుంటుతో మొదలుపెట్టాను, ఎందుకంటే అందరూ చెప్పే పేరు అదే. ఎక్కించడం ఇబ్బంది లేదు. తెర ఎడమ పక్కన నిలువు పట్టీ చూసి అక్క, "స్టార్ట్ బటన్ ఏదిరా?" అంది. అది రెండు రోజుల్లో అలవాటయ్యేదే. అలవాటు కానిది బరువు. ఏమీ తెరవకముందే ర్యామ్ ఒక గిగా దాటింది. ఫైర్‌ఫాక్స్‌లో పాఠం, పక్కన లిబ్రేఆఫీస్ పెట్టేసరికి ర్యామ్ చాలక డిస్క్‌ను వాడుకునే స్వాప్‌లోకి దిగి మిషన్ నసుగుతోంది. ఉబుంటులో ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ 'స్నాప్' అనే మూటగట్టిన ప్యాకేజీ రూపంలో వస్తుంది. మొదటిసారి తెరవడానికి పాత ప్రాసెసర్ మీద బాగా ఆలస్యం. 8 గిగాల ర్యామ్ ఉన్న ఇంట్లో ఈ ఫిర్యాదే ఉండదు. అక్కడ నేను ఉబుంటును కాదనను.

తర్వాత డెబియన్ 13. 2025 ఆగస్టులో వచ్చింది. వైఫై ఫర్మ్‌వేర్, అంటే ఆ చిప్‌ను నడిపే చిన్న సాఫ్ట్‌వేర్, ఉండదని డెబియన్ మీద పాత ఫిర్యాదొకటి ఉండేది. 2023లో వచ్చిన 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఫైలులోనే కలుపుతున్నారు కాబట్టి ఆ మాట ఇప్పుడు చాలావరకు చెల్లదు. కానీ ఒక మలుపు దగ్గర కొత్తవాళ్లు తప్పక పడతారు. ఎక్కించేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. రూట్ అంటే సిస్టమ్ మీద అన్ని హక్కులూ ఉన్న ఖాతా. పాస్‌వర్డ్ అడిగింది కదా అని ఇస్తాం. ఇస్తే మన యూజర్‌కు సుడో హక్కు, అంటే అవసరమైనప్పుడు రూట్ పనులు చేసే అధికారం, రాదు. తర్వాత ఏదైనా ఎక్కించబోతే మీ పేరు సుడోయర్స్ ఫైల్‌లో లేదంటుంది. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే సుడో హక్కు మనకే వస్తుంది. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, ఆదేశాలు టైపు చేసే కిటికీ అయిన టెర్మినల్‌లో 'సు -' కొట్టి రూట్‌గా లోపలికి పోయి, 'యాడ్‌యూజర్' తర్వాత మీ యూజర్ పేరు, ఆ తర్వాత 'సుడో' అని కొట్టండి. లాగౌట్ అయి మళ్లీ వస్తే సరి. అయిదు నిమిషాల పని. కానీ ఆ అయిదు నిమిషాల పని అక్కకు తెలియదు, ఆమె తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు.

డెబియన్ నాకెందుకు ఇష్టమంటే, ఒకసారి కుదిరాక రెండేళ్లు దాని జోలికి పోనక్కరలేదు. మొన్న ఉన్నట్టే ఇవాళ ఉంటుంది, రేపూ ఉంటుంది. ప్రోగ్రాములు కొంచెం పాతవి దొరుకుతాయి, ఆ వెల నేను సంతోషంగా కడతాను.

మింట్ 22 ఎక్కించిన రోజు నేను అక్క వెనక నిలబడి చూస్తూ ఉన్నాను. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. ఆమె నన్నేమీ అడగలేదు. పెన్‌డ్రైవ్ తనే పెట్టింది, తనే ఫైలు తెరిచింది. డ్రైవర్ మేనేజర్ ఉంది, అప్‌డేట్ మేనేజర్ ఉంది, ఫైర్‌ఫాక్స్ మామూలు రూపంలోనే ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్ ఒక గిగా లోపే. ఈ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, అంతలో మేనకోడలి ఇంజనీరింగ్ చివరికి వస్తుంది.

తెలుగు రాత దగ్గర కొంచెం నిలవాలి, ఎందుకంటే మన ఇళ్లలో గెలుపోటములు ఇక్కడే. మూడింట్లోనూ కీబోర్డు అమరికల్లోకి పోయి ఇండియన్ కింద వెతికితే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంటుంది. కాగప ఫొనెటిక్, సరళ కూడా ఉంటాయి. వాటికి వేరే ప్రోగ్రాము అక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ అలవాటున్నవాళ్లకు మాత్రం ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాము, దానికి తోడు ఎం17ఎన్ అనే ప్యాకేజీ కావాలి. మింట్‌లో దీనికి ఇన్‌పుట్ మెథడ్ అనే చిన్న కిటికీ ఉంది. అందులో నొక్కితే ఏం ఎక్కించాలో అదే చెప్తుంది. డెబియన్ ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఇవి మనమే వెతికి పెట్టుకోవాలి, లాగౌట్ అయి రావాలి, పట్టీ మీద ఐబస్ గుర్తు కనిపించకపోతే లాగిన్ కాగానే అది మొదలయ్యేలా చేర్చాలి. నాకు మొదటిసారి ఒక సాయంత్రం పట్టింది.

ఫాంట్ల విషయంలో తేడా లేదు. 'ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా' అనే ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు దిగుతాయి. అక్క లిబ్రేఆఫీస్ తెరిచి, ఫాంట్ల జాబితాలో పోతన పేరు చూసి ఆగిపోయింది. పోతన ఊరు బమ్మెర జనగామ జిల్లాలోదే, మాకు పక్క ఊరిలాంటిది. ఆ పేరుతో ఒక అక్షరాల సెట్టు మిషన్‌లో ఉందంటే ఆమెకు కలిగిన సంతోషం నేను చూశాను. ఆరో తరగతి ప్రశ్నపత్రం మొదటి వాక్యం ఆ ఫాంట్‌లోనే కొట్టింది. 'క్ష్మ', 'స్త్ర' లాంటి ఒత్తులు ఎట్లా వస్తున్నాయో తెర పెద్దది చేసి ఒక్కొక్కటే చూసుకుంది. కుదిరాయి. తెలుగు కోసం ఫ్రీ సాఫ్ట్‌వేర్ పని చేసిన స్వేచ్ఛ లాంటి సంస్థల శ్రమ ఇట్లాంటి ఇళ్లలోనే కనిపిస్తుంది.

విండోస్ పక్కనే ఉంచాలా, మొత్తం తుడిచేయాలా? మొదట భయపడి రెండూ ఉంచాను. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు విండోస్ తెరిస్తే గడియారం తెల్లవారుజాము నాలుగు చూపించింది. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుని చదువుతుంది. అందుకే సరిగ్గా అయిదున్నర గంటలు వెనక. లైనక్స్ టెర్మినల్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' కొడితే రెండూ కలుస్తాయి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపకపోతే విండోస్ భాగంలోని ఫైళ్లను లైనక్స్ నుంచి మార్చనివ్వదు. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోవాలి. ఇన్ని జాగ్రత్తలు పడగలిగినవాళ్లు రెండూ ఉంచుకోవచ్చు. అక్క నెలరోజుల్లో ఒక్కసారి కూడా విండోస్‌లోకి పోలేదని చూసి, ఫొటోలన్నీ రెండు చోట్ల కాపీ చేసి, మొత్తం తుడిచేశాను. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఒకరోజు అప్‌డేట్ నడుస్తుండగా లైన్ పనులకని కరెంటు తీశారు. అక్క లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్ మీదే నడుస్తుంది. తెర టక్కున ఆరిపోయింది. ఫోన్‌లోనే చెప్పాను: "అక్కా, టెర్మినల్ తెరువు, నేను చెప్పింది కొట్టు." 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ'. సగంలో ఆగిన ప్యాకేజీలన్నీ మళ్లీ కుదురుకున్నాయి. ఇది మూడింట్లోనూ పనిచేస్తుంది. కుదరకపోతే మాత్రం మింట్‌దే పైచేయి. సిస్టమ్‌ను పాత స్థితికి తిప్పే టైమ్‌షిఫ్ట్ దాంట్లో ముందే ఉంటుంది. మొదటి రోజే దాన్ని తెరిచి వారానికొక స్నాప్‌షాట్ తీసేలా పెట్టాను. మిషన్ లేవకపోయినా మింట్ పెన్‌డ్రైవ్‌తో లేపి, టైమ్‌షిఫ్ట్ తెరిచి పాత రోజుకు తీసుకుపోవచ్చు. ఉబుంటు, డెబియన్‌లలో కూడా వేసుకోవచ్చు కానీ, గుర్తుంచుకుని వేసుకునేవాళ్లు తక్కువ. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌ను కాపాడుతుంది, మీ ఫొటోలను కాదు. వాటికి విడిగా కాపీ ఉండాల్సిందే.

ర్యామ్ 2 గిగాలే ఉంటే మింట్ కూడా వద్దు, డెబియన్ మీద ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలికైన తెర అమరిక వేయండి. మరీ పాత 32 బిట్ల మిషన్ అయితే డెబియన్ 13 దానికి ఎక్కదు, అది గుర్తుంచుకోండి.

ఏది ఎక్కించినా ముందు పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూడండి. డెబియన్‌కైతే దీనికి నెట్‌ఇన్‌స్టాల్ ఫైలు పనికిరాదు, లైవ్ ఫైలు కావాలి. వైఫై, సౌండ్, కెమెరా, మీ ప్రింటర్, నాలుగూ ఒక గంటలో తేలిపోతాయి. డిస్క్ మీద గీత పడదు.

చౌరస్తా దగ్గర డీటీపీ చేసే అన్న ఒకాయన ఇదంతా విని, "నా షాపులో కూడా వేస్తవా తమ్మీ?" అని అడిగాడు. ఆయన పెళ్లిపత్రికలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. ఏళ్ల ఫైళ్లు, పేజ్‌మేకర్‌కు లైనక్స్ రూపం లేదు. వేలిముద్ర పరికరాలతో, డిజిటల్ సంతకం డాంగిల్‌తో పని ఉన్నవాళ్లదీ ఇదే సంగతి. ఆ అన్నకు విండోస్ వదలొద్దని, నెట్‌కు తగిలించకుండా ఆ మిషన్‌ను పనికి మాత్రమే ఉంచుకోమని చెప్పాను. ఇంట్లో పిల్లలు వాడే లాప్‌టాప్ కోసం మాత్రం మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి ఆయన చేతిలో పెట్టి వచ్చాను.