అనంతపురంలో కార్మిక కేసులు చూసే ఒక న్యాయవాది కార్యాలయం గురించి

మా బావమరిది తాడిపత్రి దగ్గర ఒక కర్మాగారంలో చాలాకాలం పనిచేశాడు. ఎంక్వైరీ జరిపినట్టు కాగితాలు సృష్టించి యాజమాన్యం అతన్ని ఉద్యోగం నుంచి తొలగించిన తరువాత, తెలిసినవారి మాట మీద అనంతపురంలో కార్మిక కేసులే ప్రధానంగా చూసే ఒక న్యాయవాది కార్యాలయానికి వెళ్లాం. న్యాయవాదులకు ప్రచారం తగదని బార్ కౌన్సిల్ నియమం ఉన్నందున తన పేరు ఎక్కడా రాయవద్దని ఆయన కోరారు కాబట్టి, ఆ కార్యాలయం పనితీరు గురించి మాత్రమే రాస్తున్నాను.

ఆయన ముందుగా తొలగింపు ఉత్తర్వు వచ్చిన కవరు అడిగారు. రిజిస్టర్డ్ పోస్టు కవరు మీది తపాలా ముద్రను కిటికీ వెలుతురులో పెట్టి చదివి, ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో మూడు తేదీలు వేశారు: ఉత్తర్వులో ఉన్న తేదీ, అది చేతికందిన తేదీ, కేసు వేయడానికి ఆఖరి తేదీ. ఆఖరి తేదీని మాత్రం ఉత్తర్వు తేదీ నుంచే లెక్కగట్టారు, ఎందుకంటే అవతలి పక్షానికి వాదించే సందు ఇవ్వకూడదన్నది ఆయన పద్ధతి.

ఈ లెక్క ఎంత ముఖ్యమో మాకు అక్కడే తెలిసింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం, తొలగించిన కార్మికుడు ముందు కార్మిక శాఖలో ఇరుపక్షాలనూ రాజీకి ప్రయత్నించే రాజీ అధికారికి దరఖాస్తు ఇచ్చి, 45 రోజులు గడిచాక, తొలగించిన నాటి నుంచి మూడేళ్ల లోపు నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లగలిగేవాడు. 2025 నవంబర్ 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్, ఆ 45 రోజుల నిబంధనను అలాగే ఉంచి, మూడేళ్ల గడువును రెండేళ్లకు కుదించింది. పాత మాటే పట్టుకుని ఇంకా సమయం ఉందనుకునేవారు మా ప్రాంతంలో ఎందరో ఉన్నారు. యాజమాన్యానికి పెట్టుకునే అర్జీలూ, పెద్దమనుషులతో చెప్పించే మాటలూ గడువును ఆపవు. పనిపోయిన మనిషి మొదటి ఏడాదంతా బతిమాలుకోవడంలోనే గడిపే చోట ఒక ఏడాది తగ్గించడం చాలా పెద్ద దెబ్బ అని నా అభిప్రాయం.

మరో సంగతి హోదాకు సంబంధించినది. బావమరిది నియామక పత్రంలో సూపర్‌వైజర్ అని ఉంది. పర్యవేక్షణ పనిలో ఉండి కోడ్ ప్రకారం నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం తీసుకునేవారు కార్మికుల నిర్వచనంలోకి రారు గనుక, యాజమాన్యం మొదట లేవనెత్తే అభ్యంతరం అదే అవుతుందని న్యాయవాది ఊహించారు. అతను రోజూ ఏ యంత్రం దగ్గర నిలబడేవాడు, సెలవు మంజూరు చేసే అధికారం అతనికి ఉందా, ఎవరి పనికి అతని సంతకం కావాలి అని ఒక్కొక్కటీ అడిగి రాయించుకున్నారు. పేరుకు సూపర్‌వైజర్ అయినా చేసింది చేతిపనే అని చూపడానికి షిఫ్టు చీటీలు వెతికి తెమ్మన్నారు.

రాజీ చర్చల్లో న్యాయవాది హాజరు కావడానికి చట్టం ఒప్పుకోదు. కార్మిక శాఖ అధికారి ముందు కార్మికుడు తానే మాట్లాడుకోవాలి, లేదా యూనియన్ నాయకుణ్ని తీసుకువెళ్లాలి. అందుకని జూనియర్ న్యాయవాది బావమరిదిని ఎదురుగా కూర్చోబెట్టి, అడగబోయే ప్రశ్నలు అడిగి, జవాబులు సరిచేశారు. అక్కడ ‘ఫుల్ అండ్ ఫైనల్’ అని, అంటే రావలసిందంతా ముట్టింది అని, రాసిన ఏ కాగితం మీదా చదవకుండా సంతకం చేయవద్దనీ, ఇచ్చిన ప్రతి దరఖాస్తుకూ ముద్ర వేసిన రసీదు తీసుకోవాలనీ గట్టిగా చెప్పారు. గనుల్లోనో బ్యాంకుల్లోనో పనిచేసేవారైతే రాష్ట్ర కార్మిక శాఖను కాక కేంద్ర కార్మిక అధికారులను ఆశ్రయించాలన్న సంగతి కూడా అక్కడే విన్నాను. రావలసిన జీతం బకాయిల దారి వేరు. వేతనాల కోడ్ కింద దానికి మూడేళ్ల గడువు ఉంది.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం ఆరు దాటితే వరండాలో నిలబడటానికి కూడా చోటుండదు, ఫోన్ చేస్తే గుమాస్తా తప్ప ఎవరూ పలకరు. ఫీజు ఎంతో, ఏ దశలో ఎంత కట్టాలో మేము అడిగేవరకు కాగితం మీద పెట్టలేదు. ఉద్యోగం పోయినవారి దగ్గర ఈ విషయంలో ముందే స్పష్టంగా ఉండవలసింది. అయితే ఫీజు మాట రాగానే, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద పారిశ్రామిక కార్మికులకూ, మహిళలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందనీ, 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చనీ ఆయనే చెప్పారు. తన ఆదాయం పోతుందని తెలిసీ ఆ మాట చెప్పినందుకే మేము ఆయన దగ్గరే కేసు ఉంచాం. గడువుకు చాలా ముందే దరఖాస్తు దాఖలైంది, విచారణ ఇంకా సాగుతోంది.