వీప్ వాడి చూశాను: కరువు నెలలో నీళ్లు ముందు ఎవరికి?

ఒక నది, దాని మీద ఒక రిజర్వాయర్. ఆ నీళ్ల కోసం పట్నం, పై ఆయకట్టు, కింది ఆయకట్టు, ఒక ఫ్యాక్టరీ, వీటన్నిటి తర్వాత దిగువన ఏరు ఎండిపోకుండా పారాల్సిన నీరు. వీళ్లందరికీ వచ్చే ఇరవై ముప్పై ఏళ్లకి నీళ్లు సరిపోతాయా, సరిపోకపోతే ఎవరికి ఎంత తగ్గించాలి అని లెక్క వేసే సాఫ్ట్‌వేర్ వీప్. వాటర్ ఎవాల్యుయేషన్ అండ్ ప్లానింగ్ అనే పేరుకి పొట్టి రూపం. స్టాక్‌హోమ్ ఎన్విరాన్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లది. 1988లో మొదలైంది, మొదటి పెద్ద ప్రయోగం 1989లో అరల్ సముద్రం ప్రాంతం మీద చేశారు. పత్తి సాగు కోసం రెండు నదుల నీళ్లు మళ్లించేసరికి కింద సముద్రమే కుంచించుకుపోయిన చోటు అది. ఈ పనిముట్టు పుట్టుకకి అంతకంటే సరైన చోటు ఉండదనిపిస్తుంది నాకు.

నేను కొన్ని నెలలుగా వాడుతున్నాను. నా రేటింగ్ 5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో రిజర్వాయర్ దగ్గర చెప్తాను.

తెరిస్తే మ్యాప్ వస్తుంది. నదిని గీత గీసినట్టు గీస్తాం, నీళ్లు వాడేవాళ్లని చుక్కలుగా పెడతాం, రిజర్వాయర్ ఒక త్రికోణం, ఎక్కడి నుంచి ఎవరికి నీళ్లు వెళ్తాయో లింకులు కలుపుతాం. గంటలో బొమ్మ తయారు. ఆ తర్వాత ఒక్కో చుక్కకీ ఒక అంకె ఇవ్వమంటుంది, 1 నుంచి 99 వరకు, 1 అంటే అందరికంటే ముందు. నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్ విలువంతా ఆ చిన్న గడిలోనే ఉంది.

ఉదాహరణకి ఒక కరువు నెలలో ఇవ్వగలిగింది 60 పాళ్లు అనుకోండి. పట్నానికి 20 కావాలి, ఆయకట్టుకి 80. ఇద్దరికీ ఒకే అంకె ఇస్తే లోటుని ఇద్దరికీ ఒకే శాతంలో పంచుతుంది, అంటే ఎవరు అడిగిన దాంట్లో వాళ్లకి 60 శాతం: పట్నానికి 12, పొలాలకి 48. పట్నానికి 1, పొలాలకి 2 ఇస్తే పట్నానికి మొత్తం 20 వచ్చేస్తాయి, పొలాలకి మిగిలేది 40, అంటే సగం. ఇప్పుడు దిగువన ఏటిలో కనీసం 10 పారాలి అని పెట్టి దానికీ 1 ఇస్తే పొలాలకి 30, అంటే 40 శాతం కూడా లేదు. నది మారలేదు, వాన మారలేదు, రిజర్వాయర్ మారలేదు, మారింది ఒక్క అంకె. నీళ్ల మీద జరిగే మీటింగుల్లో అందరూ 'మాకు అన్యాయం జరుగుతోంది' అంటారు కానీ ఏ అంకె దగ్గర జరుగుతోందో ఎవరూ చూపించలేరు, ఇక్కడ వేలు పెట్టి చూపించొచ్చు. తాగునీరే ముందు అని అందరం ఒప్పుకుంటాం, సరే, మరి రెండో వరస ఎవరిది, ఏరుదా పొలాలదా ఫ్యాక్టరీదా అన్నది ఏదో ఒకటి రాయందే లెక్క నడవదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం తిరిగొచ్చే నీళ్ల లెక్క. పట్నం 20 తీసుకుంటే 20 మాయమైపోవు, వాడగా మిగిలింది డ్రైనేజీ నుంచి మళ్లీ నదిలోకి వస్తుంది, కింది వాళ్లు దాన్నే తోడుకుంటారు. తీసుకున్న దాంట్లో ఎంత నిజంగా ఖర్చవుతుంది, మిగిలింది ఎక్కడ కలుస్తుంది అని వీప్ విడిగా అడుగుతుంది. కాలువకి కూడా అంతే, దారిలో పోయే నీళ్లలో ఎంత గాలికి పోతుంది, ఎంత భూమిలో ఇంకుతుంది అని రెండు వేరు వేరు గడులు. నేను పై ఆయకట్టు కాలువకి లైనింగ్ (నీళ్లు ఇంకకుండా లోపల వేసే సిమెంటు పూత) చేసినట్టు ఊహించి, ఇంకే శాతాన్ని 15 నుంచి 5కి తగ్గించి రన్ చేశాను. పై ఆయకట్టు గ్రాఫ్ చక్కగా లేచింది. అదే రిజల్ట్‌లో భూగర్భ జలాల గ్రాఫ్ తెరిస్తే అది ఏడాదికేడాది దిగిపోతోంది, ఎందుకంటే కింది ఆయకట్టులో నేను పెట్టిన బోర్లు బతుకుతున్నదే ఆ ఇంకే నీటి మీద. పొదుపు అనుకున్నది పక్కవాడి వాటా అయి కూర్చుంది. కాలువ లైనింగ్ చెడ్డదని కాదు నేననేది, కింది బోర్లని లెక్కలో పెట్టకుండా 'ఇన్ని నీళ్లు ఆదా' అని రిపోర్టు రాస్తే అది తప్పు రిపోర్టు.

ఇంకో విషయం, ఏడాది మొత్తాలు చూసి మోసపోకండి, నెలవారీ చూడండి. కవరేజ్ అనే గ్రాఫ్ ఉంటుంది, అడిగిన దాంట్లో ఎంత శాతం అందిందో నెల నెలా చూపిస్తుంది. ఏడాది సగటు 92 అని ఉన్నా, సరిగ్గా పైరు పొట్ట మీద ఉన్న నెలలో 45 ఉంటే ఆ రైతుకి ఆ 92 దేనికి పనికొస్తుంది?

ఇప్పుడు రిజర్వాయర్ సంగతి. రిజర్వాయర్ నింపుకోవడానికి కూడా ఒక అంకె ఉంటుంది, మనం ముట్టుకోకపోతే అది 99. అంటే అందరికీ ఇచ్చాక ఏమైనా మిగిలితేనే నిల్వ. పైగా వీప్ ఏ నెల లెక్క ఆ నెలకే చేస్తుంది, వచ్చే నెల గురించి ముందుచూపు దానికి లేదు. నేను మొదట్లో ఈ గడి చూడలేదు. మొదటి కరువు ఏడాది అందరికీ దండిగా ఇచ్చేసి, రెండో ఏడాది రిజర్వాయర్ అడుగంటింది, పట్నానికి కూడా నీళ్లు లేవు. బాగా టెన్షన్ పడి రెండు రోజులు డేటాలో తప్పు వెతికాను. తప్పు డేటాలో లేదు. రిజర్వాయర్‌కి బఫర్ జోన్ అని ఒకటి పెట్టుకోవచ్చు, నీటి మట్టం ఆ గీత కిందికి దిగితే ఇచ్చేది తగ్గిస్తూ వస్తుంది. అది పెట్టాక మొదటి ఏడాది పొలాలకి కొంచెం కోత పడింది, రెండో ఏడాది గండం గడిచింది. మార్కు కోసింది ఇందుకే, ఇంత ముఖ్యమైన నిర్ణయం డిఫాల్ట్ అంకె వెనక దాక్కోకూడదు.

నేర్చుకోవడం కష్టమేం కాదు. దాంతోపాటే ట్యుటోరియల్ వస్తుంది, వీపింగ్ రివర్ అనే ఊహా నది తయారుగా ఉంటుంది. దాన్ని రెండు మూడు రోజులు కెలికాకే మీ నదికి రండి. ఎగువన వాన ఎంత పడితే నదిలోకి ఎంత చేరుతుందో లెక్కించే పద్ధతులు చాలా ఉన్నాయి, నదిలో కొలిచిన ప్రవాహం రికార్డు మీ దగ్గర ఉంటే ముందు దాంతోనే మొదలుపెట్టండి. భూగర్భ జలాలు లోతుగా కావాలంటే మాడ్‌ఫ్లో అనే వేరే మోడల్‌ని దీనికి తగిలించుకోవచ్చు, నేనింకా అంత దూరం వెళ్లలేదు.

విండోస్ మీదే నడుస్తుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ప్రభుత్వ శాఖలకి, కాలేజీలకి, లాభాపేక్ష లేని సంస్థలకి లైసెన్స్ ఉచితం, కన్సల్టెన్సీలైతే కొనుక్కోవాలి. లైసెన్స్ లేకుండా కూడా దించుకుని చూడొచ్చు కానీ చేసిన పని సేవ్ అవదు. కాబట్టి సొంత డేటా ఎక్కించకముందే లైసెన్స్‌కి అప్లై చేసేయండి.