స్టానిస్లావ్‌స్కీ నుంచి బార్బా దాకా ఆరు రోజులు: బెంగళూరు థియేటర్ వర్క్‌షాప్ మీద నా రివ్యూ

మూడు శని, ఆదివారాలు, మొత్తం ఆరు రోజులు, ఫీజు ఏడున్నర వేలు. జయనగర్ వైపు ఒక పాత ఇంటి మేడ మీది హాలు. యూరప్ థియేటర్ సిద్ధాంతాల్ని చదవడం, చదివినదాన్ని అక్కడికక్కడే చేసి చూడడం, ఇదీ పని.

నేనెందుకు వెళ్ళానో ముందు చెప్తాను. మాదొక తెలుగు నాటక బృందం, ఏటా నాటక పరిషత్తుల పోటీలకి ఒక నాటిక తీసుకెళ్తాం, రిహార్సల్స్ మారతహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. మాలో పుస్తకాలు చదివినవాళ్ళున్నారు, బాగా చేసేవాళ్ళూ ఉన్నారు. చదివినాయన "ఇక్కడ ఎమోషన్ లోపల్నుంచి రావాలి" అంటాడు, చేసే కుర్రాడు "సరే అన్నా, ఇంతకీ నన్నేం చెయ్యమంటావు?" అంటాడు, రిహార్సల్ అక్కడ ఆగిపోతుంది. ఆ ప్రశ్నకి జవాబు దొరుకుతుందేమోనని డబ్బు కట్టాను.

మొదటి రోజు తొమ్మిదిన్నరకి తలుపు వేసేశారు. ఇక్కడి రంగశంకర థియేటర్లో నాటకం మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వరే, అలా. నాకు నచ్చింది. క్లాసు నడిపిన మేడమ్ పరిచయాలు కూడా పెట్టకుండా నన్ను లేపి, "మీ బండి తాళం పోయింది, వెతకండి" అన్నారు. నేను జేబులు తడుముకున్నాను, నుదురు కొట్టుకున్నాను, తల పట్టుకుని కూర్చున్నాను, అందరూ చప్పట్లు కొట్టారు. "దొరికిందా?" అని అడిగారావిడ. ఎలా దొరుకుతుంది, నేను వెతికితే కదా, వెతికేవాడి బాధ చూపించానంతే. అప్పుడు నన్ను బయటికి పంపి, నా తాళం నిజంగానే కర్టెన్ మడతల్లో దాచి, దొరక్కపోతే సాయంత్రం మెట్రోలో వెళ్ళాలన్నారు. రెండోసారి నా ముఖంలో చెప్పుకోదగ్గ భావమేదీ లేదట, కళ్ళు ఒక్కో మడత దగ్గరా ఆగి ముందుకు పోతున్నాయట, వేళ్ళు బట్ట కుట్టు వెంబడి మెల్లగా జరుగుతున్నాయట, చూసేవాళ్ళకి మాత్రం ఊపిరాడలేదని పక్కన కూర్చున్నాయన చెప్పాడు.

ఇదంతా అయ్యాకే జిరాక్సు కాగితాలు చేతికిచ్చారు. నటన నేర్పిన రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ పుస్తకంలో ఒకమ్మాయి కర్టెన్‌లో పెట్టిన బ్రోచ్ కోసం వెతికే ఘట్టం. ఇంతకుముందు రెండుసార్లు చదివి దాటేసిన పేజీలే అవి. ఆవిడ చెప్పిన ఇంకో సంగతి నాకు బాగా పట్టింది. నటుడి తయారీ గురించి ఆయన రాసినదాంట్లో లోపలి పని మీదున్న భాగం ఇంగ్లీషులో 1936లో వచ్చింది, గొంతు, నడక, ఒంటి పని మీదున్న భాగం 1949లో గానీ రాలేదు, ఆయనేమో 1938లోనే పోయారు. ఈ పదమూడేళ్ళలో మొదటి పుస్తకమే మొత్తం స్టానిస్లావ్‌స్కీ అనుకున్నవాళ్ళు ఎందరో. చివరి రోజుల్లో ఆయనే భావం కోసం తడుముకోకండి, పాత్ర చేసే పని దగ్గర మొదలుపెట్టండి అంటూ శారీరక చర్యల మీద కూర్చున్నారు. మా చదివినాయన ఆగింది 1936 దగ్గర, పాపం ఆయన తప్పేం లేదు.

ఆదివారం ఇంకో రష్యన్ దర్శకుడు మేయర్‌హోల్డ్. 1920ల్లో ఆయన బయోమెకానిక్స్ అని నటుల కోసం తయారుచేసిన అభ్యాసాల్లో విల్లు ఎక్కుపెట్టి బాణం వేసేది ఒకటి. ఏ కదలికైనా ముందు దానికి ఎదురు దిక్కులో మొదలవ్వాలి, రష్యన్‌లో దాన్ని అత్కాజ్ అంటారు. పేరు వినగానే భయపడ్డాం గానీ, పొట్టేలు ఢీకొట్టే ముందు వెనక్కి తగ్గుతుందే, అదే ఇది. రెండు గంటలు చేశాక భుజాలు పడిపోయాయి, మర్నాడు ఆఫీసులో మౌస్ పట్టుకోవడమూ కష్టమే అయింది, ఆ నొప్పితో పాటే ఆ సూత్రం కూడా ఒంట్లో ఉండిపోయింది.

నన్నడిగితే డబ్బంతా రెండో శనివారానికే చెల్లిపోయింది. ఆ రోజు జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్. ఆయన రాసిన వ్యాసంలో వీధిలో జరిగిన ప్రమాదాన్ని చూసినవాడు అక్కడ చేరిన జనానికి ఎలా చెప్తాడన్నదే నాటకానికి నమూనా. మేము చదవకముందే చేశాం. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో పనిచేసే ఒకావిడ సిల్క్ బోర్డు దగ్గర ఆటో ఒకటి స్కూటీకి తగిలిన సంగతి తెలుగులోనే చెప్పింది (ఎవరి భాషలో వాళ్ళు చెయ్యనిచ్చారు, అదొక మంచి పని). ఆటో అతను వెనక్కి చూడకుండానే ఎడమచేత్తో "పో పో" అన్నట్టు ఊపాడట. ఆ చెయ్యి ఒక్కటే చూపించింది, గొంతు మార్చలేదు, ఏడవలేదు, చూపించి ఆగి, "ఇతను వెనక్కి ఒకసారి చూసుంటే ఆ పిల్ల కాలు బాగుండేదండీ" అంది. బ్రెహ్ట్ అడిగేది ఇదే, ఇలాగే జరగాలా, వేరేలా జరిగి ఉండకూడదా అని చూసేవాడికి తట్టాలి.

నేను ఉండబట్టలేక లేచి, మా బుర్రకథలో ఇది ఎప్పట్నుంచో ఉంది మేడమ్ అన్నాను. కథకుడు పాత్రలోకి దూకుతాడు, బయటికొస్తాడు, హాస్యం చెప్పే వంత మధ్యలో అడ్డు తగులుతాడు, రెండో వంత ఆ కథని ఇవాళ్టి రాజకీయానికి ముడిపెడతాడు. ఆవిడకి బుర్రకథ తెలియదు, ఆ మాట దాచుకోకుండా చెప్పి, "చేసి చూపించండి" అని పావుగంట ఇచ్చారు. ఇద్దర్ని వంతలుగా పెట్టుకుని అదే ఆటో సంగతి తందాన తాన అని చెప్పాం. తర్వాత ఆవిడ వేసిన ప్రశ్న ఇంకా నన్ను వదల్లేదు: "పద్ధతి ఒకటే, మీ వంత చేసే వ్యాఖ్యానం ఎవరి పక్షాన?" నిజమే, 1940ల్లో కమ్యూనిస్టుల ప్రజానాట్యమండలి చేతుల్లో, నాజర్ గొంతులో బుర్రకథకి ఒక పక్షం ఉంది. మా నాటికల్లో మేమెవరి పక్షమో మేమెప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు.

ఇక బాగాలేనివి. చివరి ఆదివారం ఇటలీలో పుట్టిన దర్శకుడు యుజెనియో బార్బా గురించి అన్నారు, ఎంతో ఆశతో వెళ్ళాను. పోలండ్ దర్శకుడు గ్రొటోవ్‌స్కీ దగ్గర నేర్చుకుని, 1963లో కేరళ వచ్చి కథాకళి చూసి, 1964లో ఓస్లోలో ఓడిన్ థియేటర్ పెట్టి, రెండేళ్ళకి దాన్ని డెన్మార్క్‌లోని హోల్‌స్టెబ్రోకి మార్చిన మనిషి. ఒడిస్సీ నర్తకి సంయుక్తా పాణిగ్రాహి ఆయనతో ఏళ్ళ తరబడి పనిచేశారు. రోజూ నిలబడే తీరు వదిలి, బ్యాలెన్స్‌ని కావాలని కష్టం చేసుకుంటేనే రంగం మీద ఒళ్ళు బతుకుతుందన్నది ఆయన చెప్పే మాటల్లో ముఖ్యమైనది. దీని గురించి మూడు గంటలు స్లైడ్లు చూపించారండీ, మూడు గంటలు! మా బ్యాచ్‌లోనే పన్నెండేళ్ళు కూచిపూడి నేర్చుకున్న అమ్మాయి కుర్చీలో కూర్చుని నోట్సు రాసుకుంటోంది.

టీ బ్రేక్‌లో నేనే ఆ అమ్మాయిని అడిగాను. "సత్యభామ నిలబడేది చూపించనా అన్నా" అని గ్లాసు గోడ మీద పెట్టి నిలబడింది. బరువంతా ఒక కాలి మీదకి జారింది, నడుము ఒక పక్కకి, మెడ ఇంకో పక్కకి, జడ పట్టుకున్న చెయ్యి ఛాతీ ముందు ఆగింది. ఏమీ చెయ్యడం లేదు, నిలబడిందంతే, మెట్ల మీద ఫోన్ మాట్లాడుతున్నవాళ్ళు కూడా మాట ఆపి చూశారు. "నొప్పిగా ఉండదా?" అంటే "ఉంటుంది, అందుకే నిద్ర రాదు" అంది. మూడు గంటల స్లైడ్ల కన్నా నాకు ఆ మాట ఎక్కువ చెప్పింది. మిగతా ఐదు రోజులూ ముందు చేయించి తర్వాత చదివించినవాళ్ళు ఈ ఒక్క రోజు ఎందుకిలా చేశారో తెలీదు, ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదే రాశాను, ఆ అమ్మాయి చేత ఒక గంట క్లాసు చెప్పించాల్సిందని కూడా రాశాను.

మిగతావి చిన్నవే. జిరాక్సుల్లో అక్షరాలు మరీ చిన్నవి, చదవడానికిచ్చినవన్నీ ఇంగ్లీషులోనే. భోజనం మనమే చూసుకోవాలి, కింద ఉడుపి హోటల్ ఉంది. పద్దెనిమిది మందికి హాలు ఇరుకు, బాణం అభ్యాసం రెండు జట్లుగా చెయ్యాల్సొచ్చింది.

ఐదుకి నాలుగు ఇస్తాను. వెళ్ళాలనుకునేవాళ్ళు బాగా వంగడానికి వీలున్న బట్టలు వేసుకెళ్ళండి, మోకాళ్ళ నొప్పులుంటే ముందే చెప్పండి, ఆవిడ దానికి తగ్గట్టు మారుస్తారు. గురువారం మా సెల్లార్‌లో తండ్రి పాత్ర వేస్తున్న కుర్రాడు ఉత్తరం చదివి ఏడవాల్సిన సీను మళ్ళీ ఆగిపోతే, నేను కళ్ళజోడు తీసి దాచేసి, వెతుక్కుని చదవమన్నాను.